గుర్రపుడెక్క మీద గూడు

మా సంఘం బాప్తిస్మాలిచ్చే చెరువులో నీళ్ళు కనబడి రెండేళ్ళు దాటింది. కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు ప్రహరీకీ మా చర్చి వెనక గోడకీ మధ్య ఉంటుందది. కొత్తవాళ్ళు చూస్తే చెరువనుకోరు, పచ్చిక బయలనుకుంటారు. ఆమధ్య ఒక ఆవు కూడా అలాగే అనుకుని కాలు పెట్టింది. దాన్ని బయటికి లాగడానికి సంఘంలో సగం మంది మగవాళ్ళు కావలసి వచ్చారు.

ఆ పచ్చదనమంతా గుర్రపుడెక్క. ఇక్కడివాళ్ళు కొచురిపానా అంటారు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన మొక్కను, పూలు బాగున్నాయని ఏ కాలంలోనో ఎవరో తెచ్చి వేశారట. పూలు నిజంగానే బాగుంటాయి. లేత ఊదా రంగు రేకులు, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్క. ఆకు కాడ ఉబ్బి, గాలి నింపిన బుడగలా ఉంటుంది. నీళ్ళలోకి నొక్కితే మెత్తగా దిగుతుంది, వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. చెరువును చంపే మొక్కకు ఇంత అందమెందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఓడరేవులో, మేం డాకు అంటాం, సరుకు లెక్కపెట్టే పనిలో చేరాక లెక్కల మీద ఇష్టం పుట్టింది. ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పాఠ్యపుస్తకాలు కొనుక్కుని మిగతాదంతా నాకు నేనే నేర్చుకున్నాను. మావాళ్ళలో ఎవరు గది కట్టినా ఎన్ని ఇటుకలు పడతాయో నన్నడుగుతారు. యాభై దాటిన నాకు మనుషుల్లో ఉన్న విలువ అదే. అందుకని చెరువు సగం నిండిన రోజుల్లోనే నేను ఒక వెదురు చట్రం కట్టి, అందులో అయిదు మొక్కలు వేసి చూశాను. రెండు వారాలు తిరిగేసరికి పది కనిపించాయి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలకు చెప్పాను: చెరువు సగం ఖాళీగా ఉందని మనం ధీమాగా ఉన్నాం, నిజానికి మనకు మిగిలింది ఒక్క రెట్టింపే, వచ్చే నెలకి నీళ్ళుండవు అని. వాళ్ళు తలాడించి టీ తాగారు. నెల తిరక్కుండానే నీళ్ళు లేవు.

అప్పట్లో ఎవరికీ తొందర లేదు. బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు లేరు. తొందర మా అప్పతో, అంటే మా అక్కతో, వచ్చింది.

అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్దది. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు నుంచి డాకు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ ఈ చెరువులోనే ముంపు బాప్తిస్మం తీసుకుంది. అప్పుడు అప్పకి ఏడేళ్ళు. గట్టు మీద చెప్పులు పట్టుకుని నిలబడిందట. అమ్మ తల నీళ్ళలోకి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చేలోపు తను ఊపిరి బిగబట్టానని ఇప్పటికీ చెబుతుంది. తర్వాత అప్పని వాట్‌గంజ్‌లో మన వైపు కుటుంబంలోనే ఇచ్చారు, కాని వాళ్ళు హిందువులు. అత్తగారికి బెంగ కలిగించడం ఇష్టం లేక, ఆవిడ ఉన్నంతకాలం అప్ప బాప్తిస్మం మాట ఎత్తలేదు. ఆదివారాలు వచ్చి వెనక బల్ల మీద కూర్చుని వెళ్ళేది. బావ రిటైరయ్యాక వాళ్ళు మా ఇంటి పక్కకే మారారు. నిరుడు అత్తగారు పోయింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడకు అన్నం కలిపి పెట్టింది అప్పే. ఈ ఏడు అప్ప కిడ్నీలు చెడిపోయాయి.

పొట్టకి గొట్టం పెట్టాలని, దాంతో రోజూ ఇంట్లోనే రక్తం శుభ్రం చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. గొట్టం పెట్టాక చెరువుల్లో, నదుల్లో దిగడం మరిచిపోవాలన్నాడు. శ్రావణంలో ఒక బుధవారం ఆపరేషన్‌కి నిర్ణయించారు. ఆ తేదీ తెలిసిన సాయంత్రమే అప్ప కొత్త పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, బుధవారం ముందొచ్చే ఆదివారం తనకు బాప్తిస్మం ఇవ్వాలని అడిగింది. పాస్టరు గారు కాకినాడ వైపు మనిషి, ముప్పై అయిదు దాటవు.

"అమ్మా, ప్లాస్టిక్ ట్యాంకు అద్దెకి తెచ్చి చర్చిలోనే ఏర్పాటు చేయొచ్చు. మీ ఆరోగ్యానికి అదే మంచిది" అన్నారాయన.

"నానేటి మాగాయ ముక్కనా అయ్యగారూ, జాడీలో ముంచీడానికి? మాయమ్మ మునిగిన నీళ్ళున్నాయి, అందులో ముంచండి" అంది అప్ప.

గంగ ఒడ్డుకి వెళ్దామని ఒక పెద్దాయన అన్నాడు. ఇక్కడ నదిలో పోటు, పాటు, మోకాలి లోతు బురద, పైన పెట్రోలు డిపో నుంచి వచ్చే నూనె జిడ్డు. డాకులో పనిచేసినవాడెవడూ ఇంటి ఆడవాళ్ళను ఆ నదిలోకి దింపడు. కాబట్టి చెరువే. గాయం తగలకుండా చూసుకుని, నీళ్ళు మింగకుండా, వెంటనే మంచినీళ్ళతో స్నానం చేస్తే ఒక్క మునకకి ఫరవాలేదని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. అయిదు వారాల వ్యవధి ఉంది.

చెరువుకు తూర్పున ఇటుక మెట్ల రేవొకటి ఉండేది. అమ్మ దిగింది అక్కడే. ఇప్పుడది లేదు. అది పోయిన కథలో మా బావది పెద్ద పాత్ర.

బావ డాకులో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. ఓడల్లోంచి వచ్చే బరువులను తాళ్ళతో, కప్పీలతో కదిలించే పని. చర్చిలో ఎప్పుడూ కాలు పెట్టడు, గేటు దగ్గర అప్ప కోసం బీడీ కాలుస్తూ నిలబడతాడు. ఇంట్లో ఒక గాజు తొట్టి ఉండేది. అందులో అద్దానికి నోరంటించి పాచి నాకే నల్లచేపలు రెండు. వేలెడంత ఉన్నప్పుడు కొన్నాడు. అవి మూరెడై తొట్టిలో తిరగలేకపోయాయి. ఒక ఆదివారం బకెట్లో పెట్టుకుని చర్చి గేటు దగ్గరికి తెచ్చాడు.

"మా తొట్టిని అద్దంలాగ నాకీసినాయి. మీ సెరువులో ఒదిలితే దాన్నీ నాకీస్తాయి. సర్చికి నా కానుక" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటి పాస్టరు గారు బకెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన కూడా చేశారు. ఆ తర్వాత ఇళ్ళలో తొట్లున్నవాళ్ళంతా తమ తమ నల్లచేపలను తెచ్చి చెరువుకి సమర్పించుకున్నారు. బాప్తిస్మపు నీళ్ళు స్వచ్ఛంగా ఉండాలని అంతమంది అంత భక్తిగా చేసిన పని మా సంఘ చరిత్రలో మరొకటి లేదు.

ఆ చేపా దక్షిణ అమెరికాదేనని తర్వాత తెలిసింది. గుర్రపుడెక్కను అది ముట్టుకోలేదు. గుడ్లు పెట్టడానికి గట్టులో చెయ్యి పట్టేంత బొరియలు తవ్వింది. రెండో వానాకాలానికి రేవు కింద మట్టంతా డొల్లై, మెట్లు ఒకదాని మీదొకటి జారి నీళ్ళలోకి పోయాయి. వల వేస్తే పరిగెలు, మట్టగిడసలు వచ్చే చోట ఈ ముళ్ళ చేపలే వచ్చి వల చింపేవి. ఒళ్ళంతా కవచం, కొంగ కూడా ముక్కుతో ఒకటి పొడిచి వదిలేసేది. నీళ్ళలోంచి తీసి గట్టున పడేస్తే చాలాసేపటిదాకా చావదు. దాని ఓపికకు నేను దండం పెట్టాను గాని, మెట్లు మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఇంట్లో ఏది విరిగినా అప్ప "ఇదీ మీ కానుకేనా?" అంటుంది బావని.

మిగిలింది పడమటి మూల. మిల్లు గోడ కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలన్నీ అక్కడ పోయడంతో అడుగు గట్టిగా ఉంటుంది, నడుం లోతు. ఆ మూలలో పెద్ద గదంత జాగా ఖాళీ చేస్తే పాస్టరు గారు, అప్ప, పట్టుకునే ఇద్దరు సుఖంగా నిలబడగలరని నేను లెక్కగట్టాను. మళ్ళీ పెరిగేదానికి కొంచెం ఎక్కువ కలిపి చెప్పాను. బావ తనతో పనిచేసిన నలుగురు ముసలి ఖలాసీలను పిలిచాడు. ఒక శనివారం పొద్దున్నే కొడవళ్ళు, పొడుగు వెదుళ్ళు తీసుకుని దిగాం.

బావ వెదురుతో ఆకులను పక్కకు తోసిన మొదటి క్షణంలోనే ఒక పిట్ట అరుస్తూ లేచి, ఆకుల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. రెక్క విరిగినట్టు ఒక పక్కకి వాలిపోయి ఈడ్చుకుంటూ పోయింది.

"పాపం, దెబ్బ తగిలీసినట్టున్నాది" అన్నాడు బావ.

దెబ్బేం లేదు. మమ్మల్ని దూరంగా లాక్కుపోవడానికి అది వేసిన వేషం. అది లేచిన చోట నాలుగు తడి ఆకులు మడిచి వేసినట్టున్న చిన్న దిబ్బ. దాని మీద నాలుగు గుడ్లు. కాఫీ రంగులో నున్నగా మెరుస్తున్నాయి. వాటి మీద పెన్ను రాస్తుందో లేదో చూసుకోవడానికి గీసినట్టు నల్లటి పిచ్చిగీతలు. ఏ రెండింటి మీదా గీతలు ఒకలా లేవు. నేనలాగే వంగి చూస్తూ ఉండిపోయాను.

గట్టు మీద ఆవును మేపుతున్న బెంగాలీ ముసలాయన "జల్‌పిపి, దాదా, జల్‌పిపి" అని కేకేశాడు. పిట్ట పేరు తెలిసిందలా. తల, మెడ నల్లగా నిగనిగలాడుతూ, కంటి మీద తెల్లటి కనుబొమ్మ, వీపంతా తోమిన కంచు రంగు. కాలివేళ్ళు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పొడవు. నడిస్తే ఒక్కో అడుగు నా అరచేయి కన్నా వెడల్పున పరుచుకుంటుంది. డాకులో మెత్తటి నేల మీద బరువు దింపాలంటే కింద పలకలు పరిచి భారాన్ని పంచుతాం. ఆ పిట్ట పలకలను కాళ్ళకే పెట్టుకుని తిరుగుతోంది. మునిగే ఆకు మీద మునగకుండా నడవడానికి అంతకన్నా మంచి లెక్క నేను వెయ్యలేను.

ఆ మూల తప్ప ఇంకెక్కడా అడుగు గట్టిగా లేదు. గూడు సరిగ్గా ఆ మూల మధ్యలో ఉంది.

సాయంత్రం చర్చి వరండాలో కూర్చున్నాం, బావ మాత్రం కింద మెట్టు దగ్గర. అప్ప కూతురు, మా మేనకోడలు, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. శని, ఆదివారాలు ఇంట్లో ఉంటుంది. మేం చెప్పింది విని ఫోన్‌లో వెతికింది.

"మావయ్యా, గూట్లో ఉన్నది అమ్మ కాదు, నాన్న. ఆడపిట్ట గుడ్లు పెట్టేసి ఇంకో మగపిట్ట దగ్గరికి ఎళ్ళిపోతాదట. పొదగడం, పెంచడం మొత్తం నాన్నే చేస్తాడట."

"సూడయ్యా, నేర్సుకో" అంది అప్ప బావతో.

"ఆడికి నైట్ డ్యూటీ నేదు కదే" అన్నాడు బావ.

ఒక సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఆలోచించేదేటున్నాది? గుడ్లు తీసి గట్టు మీద గడ్డిలో పెట్టీండి. పిట్ట అక్కడికే వొచ్చి కూకుంటాది. రాకపోతే, పిట్టే కదా."

అప్ప ఆయన వైపు తిరిగింది. "నా పాపాలు కడుక్కోడానికి ఆడి పిల్లల్ని సంపీమంటారా? అలగైతే నాకీ బాప్తిస్మమే ఒద్దు."

ఎప్పుడు పొదుగుతుందని పాస్టరు గారు నన్నడిగారు. ఎప్పుడు పెట్టిందో తెలియని గుడ్డుకి నా దగ్గర లెక్క లేదని చెప్పాను. బావ బీడీ ఆర్పి, వరండా మెట్టు మీద వేలితో గీస్తూ మొదలుపెట్టాడు.

"ఓడని జెట్టీకెలగ సేరుస్తాం? ఇంజను ఆపీసి, తాడేసి, కొంచెం కొంచెంగా లాగుతాం. అది తేల్తాదా నేదా? తేల్తాది. గూడూ తేల్తాది. సుట్టూ ఎడల్పుగా కోసీసి, దాన్నొక తెప్పలాగ ఒదిలీసి, తూర్పు గట్టు మీద మేకు కొట్టి తాడేసి లాగుదాం. రోజుకింత. ఆడు లేస్తే ఆగుదాం. ఆడు కూకుంటే లాగుదాం."

మర్నాడు పాస్టరు గారు ప్రసంగం త్వరగా ముగించారు.

గూడు చుట్టూ మంచమంత జాగా వదిలి కొడవళ్ళతో కోసి, తెప్ప కదలడానికి తూర్పు వైపు కాలవలా దారి తీశారు. కొబ్బరితాడు కాడలను కోసేస్తుందని అప్ప తన పాత నూలు చీర ఇచ్చింది. దాన్ని ఉరిలా కాకుండా వదులుగా చుట్టి, దానికి తాడు కట్టారు. తూర్పు గట్టున వెదురు మేకు కొట్టారు. ప్రతి పొద్దునా నలుగురు ముసలివాళ్ళూ, బావా తాడు పట్టుకుని నిలబడేవారు. జీవితమంతా గొంతు చించుకుని "హైసా" అంటూ బరువులు లాగినవాళ్ళు. ఆ కేక లేకుండా వాళ్ళ చేతులు కదలవు. కేక వేస్తే పిట్ట లేస్తుంది. దాంతో అయిదుగురూ చెవిలో రహస్యం చెప్పుకున్నట్టు "హైసా... హైసా..." అని గుసగుసలాడుతూ లాగేవారు. దారిన పోయే మిల్లు పనివాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు.

మొదటి రోజు తెప్ప జానెడు కదలగానే పిట్ట లేచిపోయింది. తాడు వదిలేసి గట్టు మీద కూర్చున్నాం. అది దూరంగా ఆకుల మీద నిలబడి, తోక ఊపుతూ మమ్మల్నే చూసింది. ఎండ ఎక్కుతోంది. గుడ్లు చల్లారిపోతాయని భయపడ్డాం గాని, ఎండకి అంతకన్నా ఎక్కువ భయపడాలట. అది తిరిగొచ్చి గుడ్ల మీద రెక్కలు కాస్త విప్పి నీడ పట్టింది. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. పక్కనే తాడుతో అయిదుగురు మనుషులు, వెనక మిల్లు సైరన్, అయినా అది ఎండకి ఎటు తిరగాలో చూసుకుని నిలబడింది.

మూడో రోజుకి అది లేవడం తగ్గించింది. వారం గడిచేసరికి తెప్ప కదులుతుంటే గుడ్ల మీద అలాగే కూర్చుని, ఓడ ముందు భాగాన నిలబడి ఖలాసీలను నడిపే సారంగులా తల అటూ ఇటూ తిప్పి చూసేది. ఖలాసీలు దానికి సారంగు సాబ్ అని పేరు పెట్టారు. సారంగు సాబ్ ఇయ్యాల కోపంగా ఉన్నాడు, సారంగు సాబ్ నత్త తిన్నాడు, ఇవే కబుర్లు. వాళ్ళు మామూలుగా పింఛను గురించి, మోకాళ్ళ గురించి తప్ప మాట్లాడరు.

ఆ తెప్ప చెరువు మధ్యకి చేరింది. మిగతా మొక్కలు కోసి తీసేశాక పడమటి మూల ఖాళీ అయింది. రెండేళ్ళ తర్వాత ఆకాశం మళ్ళీ ఆ చెరువులో కనబడింది. అప్పని చెయ్యి పట్టి తీసుకొచ్చి చూపించాం. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి, అయినా గట్టు అంచుదాకా వచ్చింది. చాలాసేపు చూసి, "ఇలాగే ఉండీవి" అంది.

బాప్తిస్మానికి మూడు రోజుల ముందు, గురువారం, బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. శుక్రవారం రాత్రంతా ఆగ్నేయం నుంచి గాలి. గుర్రపుడెక్క ఆకులు ఒక్కొక్కటీ చిన్న తెరచాప. అంత పెద్ద చెరువు మీద ఉన్న లక్ష తెరచాపలూ ఒకేసారి గాలికి నిండాయి. శనివారం తెల్లవారి వెళ్ళి చూస్తే పడమటి మూల లేదు. తూర్పున, మధ్యలో ఉన్న మొక్కలన్నీ వచ్చి అక్కడ ఒకదాని మీదొకటెక్కి గోడలా కూర్చున్నాయి. తాడు కట్టిన తెప్ప మాత్రం కొట్టుకుపోలేదు. కాని ఆ గుంపు అంచున ఇరుక్కుంది. సారంగు సాబ్ వానలో ముద్దై, కళ్ళు సగం మూసుకుని గుడ్ల మీదే ఉన్నాడు. రాత్రంతా ఉన్నట్టే ఉంది.

గుంపును వెనక్కి లాగితే మొదట నలిగేది ఆ తెప్పే. మర్నాడు ఆదివారం. బుధవారం గొట్టం. నేను చెప్పడానికి నోరు తెరిచాను గాని, చెప్పాల్సిన పని లేకపోయింది. అప్ప గొడుగు కింద నిలబడి చెరువు అవతలి వైపు చూస్తోంది.

"ఒరే తమ్ముడూ, అటు సూడు."

తూర్పు గట్టు మొత్తం ఖాళీ. ఒక్క మొక్క లేదు. గాలి పడమర నింపినంతా తూర్పున తుడిచిపెట్టింది. అమ్మ దిగిన రేవు ముందు నీళ్ళు తళతళలాడుతున్నాయి. రేవులో మెట్లు లేవు, అడుగంతా బొరియలు, బురద. కాని నీళ్ళున్నాయి.

"నన్నక్కడ దింపండి" అంది అప్ప.

శనివారం పగలంతా ఖలాసీలు పనిచేశారు. బురద మీద వెదురు తడకలు రెండు వరసలు పరిచి, వాటి మీద జెట్టీ నుంచి అడిగి తెచ్చిన పాత పలకలు వేసి, నాలుగు వెదుళ్ళు పాతి తాళ్ళతో కట్టారు. ఎంతమంది బరువుకి ఆగుతుందని బావ అడిగితే ముగ్గురికి అన్నాను, నలుగురికి అనుమానమన్నాను. పాస్టరు గారు, అప్ప, పక్కన పట్టుకోవడానికి ఒకరు.

ఆ ఒకరు తనే అని బావ అన్నాడు. ఆ రోజు గుడ్లు గట్టు మీద పెట్టమన్న పెద్దాయనే మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "బాప్తిస్మం తీసుకోనోడు ఆ టైములో ఆ నీళ్ళలో ఉండకూడదు. అది పద్ధతి కాదు."

అప్ప వెంటనే అంది: "ఆయన సేపల్ని దింపిన్నాడు మీరంతా సప్పట్లు కొట్టినారు. ఆ సేపలేటి, బాప్తిస్మం తీసుకున్నవా? మెట్లు పోగొట్టినోడే నాకు మెట్టవ్వాల. దిగనీండి."

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆయనే దిగుతారు. నేను బాధ్యత తీసుకుంటాను" అన్నారు.

ఆదివారం మబ్బుగానే ఉంది, గాలి తగ్గింది. అప్ప తెల్ల చీర కట్టుకుని పలకల మీదుగా నెమ్మదిగా దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఒక పక్క పాస్టరు గారు, రెండో పక్క లుంగీ పైకి కట్టి బావ. గట్టు మీద మేనకోడలు తల్లి చెప్పులు పట్టుకుని నిలబడింది. సంఘం పాడుతున్న పాట ఆగింది. పాస్టరు గారు చెప్పాల్సిన మాటలు చెప్పి, అప్పని వెనక్కి వాల్చారు. తల నీళ్ళలోకి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడు పాస్టరు గారి కాలికింద పలక వాలింది. దాని కింద బొరియ కూలింది. ఆయన ఒరిగారు. ఆయన ఒరగకుండా బావ చెయ్యి చాచాడు, చాచిన చేతితో పాటు తనూ జారాడు. ముగ్గురూ ఒకేసారి కనబడకుండా పోయారు. నేనూ ఊపిరి బిగబట్టాను.

మొదట అప్ప లేచింది. బావ చేతులు రెండూ ఆమె చంకల కింద ఉన్నాయి. తను కింద ఉండి ఆమెను పైకి ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత పాస్టరు గారు. ఆఖరున బావ తల లేచింది, దాని మీద గుర్రపుడెక్క పువ్వొకటి.

"పూర్తిగా మునిగినాదా?" అని పెద్దాయన గట్టు మీంచి అడిగాడు.

"ముగ్గురూ మునిగినారు!" అని ఖలాసీ ఒకడు అరిచాడు.

సంఘమంతా నవ్వేసింది. పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ బావతో అన్నారు, "మీది లెక్కలోకి రాదండీ."

"నాకూ ఒద్దు అయ్యగారూ. ముందు నన్ను కదలనీండి, నా కాలికింద ఆ సేపున్నాది" అన్నాడు బావ.

అప్ప నవ్వుతోంది. నోట్లోకి నీళ్ళు పోకుండా పెదాలు బిగించి, భుజాలు కుదిపేస్తూ నవ్వుతోంది. జబ్బు చేసినప్పటి నుంచి ఆ నవ్వు నేను చూడలేదు. మేనకోడలు పరుగున దిగి తువ్వాలు కప్పింది. ఇంట్లో ఆరు బిందెలు మంచినీళ్ళు ముందే కాచి పెట్టాం.

బుధవారం ఆపరేషన్ అయింది. అప్ప ఇంటికి వచ్చాక మంచం చెరువు వైపు కిటికీ దగ్గర వేశారు. గాలి పూర్తిగా పడిపోయాక గుంపు విడివడి మళ్ళీ మెల్లగా చెరువంతా పరుచుకుంది. ఈసారి పెద్దలు నా లెక్క విన్నారు. రెండు వారాల్లో ఎంత పెరుగుతుందో అంత తీసేస్తే చాలు, చెరువు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. శనివారాలు ఖలాసీలు తూర్పు సగం శుభ్రం చేస్తారు. పడమటి సగం జోలికి ఎవరూ వెళ్ళరు. ముళ్ళ చేపలకు మాత్రం ఇంకా ఏ ఉపాయమూ దొరకలేదు. కొంతమంది వాటిని కోసి కూర కూడా వండి చూశారు. మళ్ళీ వండలేదు.

ఒక పొద్దున బావ బయటి నుంచే కేకలేస్తూ వచ్చాడు. "పది కాళ్ళు! సారంగు సాబుకి పది కాళ్ళొచ్చీసినాయి!"

సన్నటి తుంపరలో గొడుగు పట్టి అప్పని నెమ్మదిగా గట్టు దాకా నడిపించుకెళ్ళాం. పిట్ట తెప్ప మీద నిలబడి ఉంది. రెక్కలు ఒంటికి గట్టిగా అదిమి పట్టుకుంది. రెక్కల కింది నుంచి రెండు పక్కలా సన్నటి పొడవాటి కాళ్ళు వేలాడుతున్నాయి, వేళ్ళతో సహా. పిల్లలను చంకల్లో పెట్టుకుని వాన నుంచి దాస్తోంది. దాని సొంత కాళ్ళు రెండు. వేలాడేవి నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"ఎనిమిది బావా. రెండూ, ఆరూ. ముగ్గురు పిల్లలు. ఒక గుడ్డు పాడయినట్టుంది."

"పదిరా. నాను సూసినాను."

"నువ్వు దాని తోక ఈకని కూడా కలుపుకున్నావ్."

అప్ప మా ఇద్దరినీ ఆగమని చెయ్యెత్తింది. పిట్ట మోకాళ్ళు వంచి, రెక్కలు కొంచెం వదులు చేసింది. ఒక్కొక్కటే జారిపడ్డాయి, గోధుమ రంగు దూది ముద్దలు. కింద పడ్డవి పడ్డట్టే లేచి, వాటి ఒంటికన్నా పెద్ద పాదాలతో ఆకు మీంచి ఆకు మీదికి నడిచాయి. ఒక్క ఆకూ మునగలేదు. మూడే ఉన్నాయి. బావ ఒప్పుకోలేదు, నాలుగోది ఇంకా లోపలే ఉందన్నాడు.

కాసేపయ్యాక బావ మేకు దగ్గరికి వెళ్ళి తాడు ముడి మీద చెయ్యి వేశాడు. "ఇంకెందుకిది, ఇప్పీమంటావా?"

అప్ప పొట్ట మీద చీర కుచ్చెళ్ళ కింద గొట్టం ఉన్నచోట చెయ్యి పెట్టుకుని, ఆకాశం వైపు ఒకసారి చూసింది.

"ఉండనీయ్యా. మళ్ళీ గాలొస్తే?"